కొత్త ఖనిజ శుద్ధి ప్లాంటును నడకలోకి తేవడం: తాళం, కరెంటు, నీరు, రాయి

ఖనిజ శుద్ధి ప్లాంటు కట్టడం పూర్తయ్యాక దానిని ఉత్పత్తిలోకి తెచ్చే పనిని కమిషనింగ్ అంటాం. ఈ పనికి నాలుగు మెట్లు ఉన్నాయి: తాళం, కరెంటు, నీరు, రాయి. ఎవరూ పొరపాటున యంత్రాన్ని నడపకుండా, నడిచే యంత్రం దగ్గరికి ఎవరూ వెళ్లకుండా కట్టుదిట్టం చేయడం మొదటి మెట్టు. ప్రతి మోటారునూ ప్రతి స్విచ్చినీ ఉత్తగా తిప్పి చూడడం రెండవది. ప్లాంటంతటినీ నీటితో నింపి నడపడం మూడవది. చివరికి రాయి వేయడం నాలుగవది. ఈ వరుస తెలియనివారు ఉండరు, కానీ గడువు దగ్గరపడ్డప్పుడు మూడవ మెట్టును కుదించి నాలుగవ మెట్టుకు దూకని ప్లాంట్లు మాత్రం అరుదు. వెనక్కి తిరిగే పంపు కరెంటు దశలో దొరికితే రెండు వైర్లు మార్చడానికి పది నిమిషాలు పడుతుంది. అదే పంపు స్లర్రీతో (నీటిలో కలిసిన రాతిపొడి బురదతో) నిండిన సంపు కింద దొరికితే ఒక షిఫ్టంతా పారలతో ఇసుక తోడవలసి వస్తుంది. అందువల్ల నీటి దశకు ఇచ్చిన ప్రతి రోజూ రాయి దశలో కొన్ని రోజులను మిగులుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్కలకు ఒక ఆధారం కావాలి కనుక గంటకు 100 టన్నుల సల్ఫైడ్ రాగి ఖనిజాన్ని శుద్ధి చేసే ఒక ప్లాంటును ఉదాహరణగా తీసుకుంటాను. అందులో రాయిని పగలగొట్టే క్రషర్లు, ఉక్కు బంతులతో నూరే బాల్ మిల్లు, ముతక రేణువులను మెత్తనివాటి నుంచి వేరుచేసే హైడ్రోసైక్లోన్లు, ఖనిజాన్ని నురుగుతో తేల్చి తీసే ఫ్లొటేషన్ సెల్స్, స్లర్రీ నుంచి నీటిని వేరుచేసే థికెనర్లు, ఫిల్టరు, వ్యర్థ బురదను నిలవచేసే టెయిలింగ్స్ డ్యామ్ ఉన్నాయి. ఖనిజం విశిష్ట గురుత్వం 2.8. మీ ప్లాంటు వేరే ఖనిజానిదైతే ఈ అంకెలను అలాగే ఎత్తుకోకూడదు. మన ఉమ్మడి కడప జిల్లా మంగంపేట బెరైటీస్ విశిష్ట గురుత్వం 4.2 దాకా ఉంటుంది. నూటికి 60 వంతులు ఘనపదార్థం ఉన్న రాగి ఖనిజపు స్లర్రీ సాంద్రత 1.63 అయితే, అదే పాళ్లలో బెరైటీస్ స్లర్రీ సాంద్రత 1.84 అవుతుంది. కడప జిల్లాలోని తుమ్మలపల్లెలో యురేనియం కార్బొనేట్ శిలలో ఉన్నందున అక్కడ ఆల్కలైన్ లీచింగ్ (క్షార ద్రావణంలో కరిగించి తీసే పద్ధతి) పెట్టారు. జార్ఖండ్‌లోని జాదూగూడలో ఉన్న యాసిడ్ పద్ధతిని ఇక్కడికి తెస్తే ఆ శిలే యాసిడ్‌ను తినేస్తుంది. ఏ ప్లాంటునైనా ఎలా నడపాలో నిర్ణయించేది దాని రాయే.

ప్రణాళికను చివరి నుంచి వెనక్కి వేయండి

క్రషర్ ముందుగా కనిపిస్తుంది కనుక ముందుగా దానినే సిద్ధం చేయాలనిపిస్తుంది. అది తప్పు. ఇంట్లో కొళాయి తిప్పే ముందు మురుగు కాలువ చూసుకున్నట్లే, ప్లాంటులో ముందు సిద్ధం కావలసింది టెయిలింగ్స్ డ్యామ్, దానికి వెళ్లే పైపు, అక్కడి నుంచి నీటిని వెనక్కి తెచ్చే పంపు. ఆ తర్వాత థికెనర్, తర్వాత ఫ్లొటేషన్, మిల్లు, అన్నిటికన్నా చివర క్రషర్. నీరు, ఇన్‌స్ట్రుమెంట్ గాలి, ప్లాంటు కరెంటు ఈ వరుసకన్నా ముందే రావాలి.

ప్లాంటును పదిహేను ఇరవై భాగాలుగా విడగొట్టి, ఏ వాల్వు ఏ భాగానికి చెందుతుందో డ్రాయింగుల మీద రంగుతో గీయండి. నిర్మాణ కాంట్రాక్టరు ప్లాంటును ఒకేసారి కాకుండా ఈ భాగాల వారీగానే అప్పగించాలి. ప్రతి భాగానికీ మిగిలిన పనుల జాబితా ఒకటి తయారవుతుంది. దానిలోని అంశాలను మూడుగా విభజించాలి: కరెంటు ఇవ్వకముందే పూర్తి కావలసినవి, రాయి వేయకముందే పూర్తి కావలసినవి, ఆ తర్వాత చేసినా నష్టం లేనివి. బెల్టుకు గార్డు లేకపోవడం మొదటి రకం, స్పిల్లేజీ కడిగే గొట్టం లేకపోవడం రెండవది, రంగు వేయకపోవడం మూడవది. మొదటి రకం అంశాన్ని మూడవ రకంలోకి మార్చమని ఎవరో ఒకరు తప్పకుండా ఒత్తిడి తెస్తారు. ఆ మార్పుకు సంతకం చేసే అధికారం ఒక్కరికే ఉండాలి, ఆ ఒక్కరు నిర్మాణ గడువుకు జవాబుదారీ కాని మనిషి అయి ఉండాలి.

అనుమతుల పని కాగితాల పనిగా కనిపించినా, ఒక్క కాగితం రాకపోతే ప్లాంటంతా ఆగిపోతుంది. మన దేశంలో 1974 నాటి నీటి కాలుష్య చట్టం, 1981 నాటి వాయు కాలుష్య చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ప్లాంటు నడపడానికి సమ్మతి రావాలి. హైటెన్షన్ పరికరాలకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆమోదం కావాలి. పైపుల మీద స్లర్రీ సాంద్రతను కొలిచే అణుధార్మిక డెన్సిటీ గేజీలు ఉంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, రేడియేషన్ భద్రతాధికారి రెండూ తప్పనిసరి. ఆ గేజీ షట్టరు మూసి తాళం వేయనిదే ఆ పైపును విప్పకూడదన్న సంగతి ఫిట్టర్లందరికీ తెలియాలి.

తాళం

నిర్మాణమూ కమిషనింగూ కలిసి జరిగే వారాలు ప్లాంటు జీవితంలోకెల్లా ప్రమాదకరమైనవి. ఏడాదిగా కరెంటు లేని కేబుళ్ల పక్కన పనిచేసిన వెల్డరుకు, ఈ రోజు పొద్దున్నే వాటిలోకి కరెంటు వచ్చిందని తెలియకపోవచ్చు. అందుచేత ప్రతి స్విచ్ బోర్డుకూ కరెంటు ఇచ్చే తేదీని, వేళను ముందురోజే అన్ని భాషల్లోనూ ప్రకటించండి. సైటులో తెలుగువారితోపాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవారూ ఉంటారు కనుక ఒక్క తెలుగు బోర్డు చాలదు. యంత్రం మీద పనిచేసే ప్రతి మనిషీ సొంత తాళం వేసి తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి యంత్రం కదలదని చూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టాలి. బాల్ మిల్లు విషయంలో ఇది కూడా చాలదు. లోపలి బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటే కరెంటు లేకుండానే మిల్లు వెనక్కి ఊగుతుంది కనుక, బ్రేకు పడిందనీ మిల్లు నిలకడకు వచ్చిందనీ కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

కరెంటు

ప్రతి మోటారునూ ముందుగా యంత్రం నుంచి విడదీసి, ఇన్సులేషన్ చూసి, ఒక్క క్షణం తిప్పి దిశ గమనించాలి. దిశ సరిగ్గా ఉంటే రెండు నుంచి నాలుగు గంటలు ఉత్తగా నడిపి బేరింగు ఉష్ణోగ్రత, కంపనం, ఆంపియర్లు రాసుకోవాలి. ఈ అంకెలు తర్వాతి పదేళ్లూ పనికొస్తాయి, ఎందుకంటే ఏ బేరింగు చెడుతోందో తెలుసుకోవడానికి అది కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలియాలి. తర్వాత కప్లింగు బిగించి అలైన్‌మెంటు చూడాలి. ఫ్యాక్టరీలో అలైన్ చేసి పంపారన్న మాట మీద ఆధారపడకండి. లారీలో వచ్చిన పంపు దారిలో ఎన్నో గుంతలు దాటి వచ్చి ఉంటుంది.

ఇన్‌స్ట్రుమెంట్లను ఒక్కొక్కటిగా, పరికరం దగ్గర ఒక మనిషి, కంట్రోల్ రూములో ఒక మనిషి ఉండి పరీక్షించాలి. వాల్వుకు గాలి ఆపేసినప్పుడు అది తెరుచుకుంటుందా మూసుకుంటుందా అన్నది తప్పనిసరిగా చూడాలి. ఇంటర్‌లాకులను (ఒక షరతు తీరనిదే యంత్రం నడవకుండా ఆపే ఏర్పాట్లను) కంప్యూటరు తెర మీద నకిలీ సంకేతంతో పరీక్షించి సరిపెట్టుకోవద్దు. కన్వేయరు వెంట నడుస్తూ బెల్టును ఆపే ప్రతి పుల్ కార్డునూ చేత్తో లాగండి, బెల్టు పక్కకు జరిగితే ఆపే ప్రతి బెల్ట్ స్వే స్విచ్చినీ చేత్తో తొయ్యండి. ఒక కన్వేయరు ఆగితే దానిమీదికి రాయి తెచ్చే కన్వేయరు వెంటనే ఆగాలి, దాని తర్వాతది నడుస్తూనే ఉండాలి. దీనిని ప్రతి బెల్టు దగ్గరా నిరూపించాకే సంతకం చేయండి.

మిల్లు లూబ్రికేషన్ పని ఓపికతో చేయవలసింది. నూనె పైపుల్లో వెల్డింగు తునకలు, తుప్పు మిగిలి ఉంటాయి. బేరింగులను పక్కదారి పట్టించి, ఫిల్టరు శుభ్రంగా వచ్చేదాకా నూనెను తిప్పుతూనే ఉండాలి. మిల్లు బరువును మోసే ట్రనియన్ బేరింగులకు, మిల్లును కాస్త పైకి లేపే లిఫ్ట్ ఆయిల్ ఒత్తిడి రాకుండా మిల్లు కదలదని పరీక్షించి రుజువు చేసుకోవాలి. మిల్లు చుట్టూ ఉండే గర్త్ గేరు, దాన్ని తిప్పే పినియన్ పళ్లు ఒకదానికొకటి పళ్ల వెడల్పంతా తాకుతున్నాయో లేదో రంగు పూసి చూడాలి. మిల్లు నడిచాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పినియన్ రెండు అంచుల ఉష్ణోగ్రత కొలిస్తే, వేడెక్కిన అంచు వైపు బరువు ఎక్కువ పడుతోందని తెలుస్తుంది.

నీరు

ప్లాంటు తన గురించి తాను ఎక్కువగా చెప్పేది ఇక్కడే. నిర్మాణం ఎంత శుభ్రంగా జరిగినా పైపుల్లో, సంపుల్లో వెల్డింగ్ రాడ్ల ముక్కలు, చేతి తొడుగులు, ప్లైవుడ్డు, సిమెంటు సంచులు ఉంటాయి. ముందుగా మనుషులు దిగి ట్యాంకులను ఊడ్చాలి. తర్వాత ప్రతి పంపు చూషణ వైపునా తాత్కాలిక జల్లెడలు బిగించి నీరు నడపాలి. మొదటి రోజు ఆ జల్లెడల్లో దొరికిన సరుకును ఒక బల్ల మీద పేర్చి అందరికీ చూపించండి. నీటి దశ ఎందుకని అడిగేవారికి అంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. దశ పూర్తయ్యాక ఆ జల్లెడలను లెక్కపెట్టి తీసేయాలి. ఒక్కటి మరచిపోయినా రాయి వేసిన గంటలో అదే అడ్డు తిరుగుతుంది.

నీరు ఎంత కావాలో ముందే లెక్క వేసుకోవాలి. సైక్లోన్ ఓవర్‌ఫ్లోలో (పై నుంచి బయటికి పోయే మెత్తని స్లర్రీలో) ఘనపదార్థం 35 శాతం ఉండాలంటే 100 టన్నుల ఖనిజంతో గంటకు 186 ఘనపు మీటర్ల నీరు వెళ్తుంది. టెయిలింగ్స్ థికెనర్ అడుగు నుంచి 60 శాతం ఘనపదార్థంతో బయటికి పోయే నీరు సుమారు 64 ఘనపు మీటర్లు. మిగిలిన నీటిలో కాన్సంట్రేట్ (శుద్ధి అయిన ఖనిజం) వెంట పోయే కొద్ది భాగం తప్ప అంతా ప్లాంటుకు తిరిగి వస్తుంది. కానీ అది తిరిగి రావాలంటే ముందు థికెనర్ నిండాలి. 20 మీటర్ల వ్యాసం, సగటున 3 మీటర్ల లోతు ఉన్న థికెనర్‌కు 940 ఘనపు మీటర్లు పడుతుంది. సెల్స్, సంపులు, పైపులు కలుపుకుంటే మొదటిసారి నింపడానికే వెయ్యి ఘనపు మీటర్లు దాటుతుంది. ఎండాకాలంలో మొదలుపెట్టే ప్లాంటుకు ఈ నీరు చెరువులోనో రిజర్వాయర్‌లోనో సిద్ధంగా ఉందని స్వయంగా వెళ్లి చూడాలి.

నీటితో నడుస్తున్న పంపు ఆంపియర్లను చూసి తృప్తి పడవద్దు. పంపు ఎత్తే ఎత్తు మారకపోయినా, స్లర్రీ సాంద్రత పెరిగిన పాళ్లలోనే దానికి కావలసిన శక్తి కూడా పెరుగుతుంది. సైక్లోన్ ఫీడ్ పంపు నీటితో తన మోటారు సామర్థ్యంలో 60 శాతం తీసుకుంటూ ఉంటే, 1.63 సాంద్రత గల స్లర్రీతో దాదాపు 98 శాతం తీసుకుంటుంది. ఈ గుణకారాన్ని నీటి దశలోనే ప్రతి పంపుకూ చేస్తే, ఏ మోటారు చాలదో, ఏ పుల్లీ మార్చాలో రాయి రాకముందే తెలిసిపోతుంది. గ్లాండు నీరు (పంపు షాఫ్టు దగ్గర స్లర్రీ కారకుండా ఇచ్చే నీరు) లేకుండా స్లర్రీ పంపు కదలకుండా ఉండే ఇంటర్‌లాకును కూడా ఇప్పుడే పరీక్షించాలి.

డెన్సిటీ గేజీలను నీటితో 1.000 దగ్గర సరిచూడండి. ఫ్లో మీటరును నమ్మే ముందు, కొలిచిన సంపు ఎంతసేపట్లో నిండుతుందో గడియారం పట్టుకుని చూడండి. ఫ్లొటేషన్ సెల్స్‌ను నీటితో నింపి, లెవెల్ కంట్రోలర్లను ట్యూన్ చేసి, గాలి వదలి, కొద్దిగా ఫ్రాదర్ (నురుగు పుట్టించే మందు) వేస్తే బుడగలు సెల్ అంతటా సమంగా లేస్తున్నాయో లేదో కనిపిస్తుంది. వరుసలో ఒక సెల్ అంచు పది మిల్లీమీటర్లు వంగి ఉన్నా నురుగు ఒక పక్కకే పొర్లుతుంది. దానిని సరిచేయడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

ఇది ఆపరేటర్లకు బడి కూడా. మూడు షిఫ్టుల వారూ తమ చేతులతోనే ప్లాంటును మొదలుపెట్టి, ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. పక్కన నిలబడి చూసినవారికి పని రాదు. కనీసం మూడు రాత్రులూ మూడు పగళ్లూ ఆగకుండా నీటితో నడిచిన ప్లాంటునే నేను రాయికి సిద్ధమైందని అంటాను.

కరెంటు పోయినప్పటి పరీక్ష

నీటి దశ ముగిసే ముందు ఒక పూట అన్నీ నడుస్తుండగా ప్రధాన బ్రేకరును ఆపేయండి. చాలామంది వెనకాడే పరీక్ష ఇది, అయినా దీన్ని వదిలిపెట్టకూడదు. కరెంటు పోగానే కన్వేయర్లు వెనక్కి జారతాయా, ఏ సంపు పొర్లుతుంది, ఏ వాల్వు ఎటు వెళ్లింది, జనరేటరు ఎన్ని సెకన్లలో అందుకుంది అన్నవన్నీ కళ్లతో చూడాలి. నేను పనిచేసిన ఒక ప్లాంటులో ఈ పరీక్ష చేయకుండానే రాయి వేశాం. రెండవ వారంలో గాలివానకు లైను పోయింది. జనరేటరు నడిచింది, దీపాలు వెలిగాయి, కానీ థికెనర్ అడుగున బురదను కదిపే రేక్ మోటారు ఆ జనరేటరు బోర్డు మీద లేదు. మూడు గంటల్లో బురద గట్టిపడి రేక్ బిగుసుకుపోయింది. దాన్ని విడిపించడానికి అధిక పీడన నీటితో, చేతి పనిముట్లతో తొమ్మిది రోజులు పట్టింది. ఒక కేబులు అటు నుంచి ఇటు మార్చి ఉంటే తప్పిపోయే నష్టం అది. ఆ తొమ్మిది రోజులూ బురదలో దిగి పనిచేసిన మనుషుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

జనరేటరు మీద ఉండవలసినవి ఇవి: థికెనర్ల రేకులు, అండర్‌ఫ్లో పంపులు, మిల్లు లూబ్రికేషన్ పంపులు, స్లర్రీ ట్యాంకుల ఆజిటేటర్లు, గ్లాండు నీటి పంపు, టెయిలింగ్స్ పైపును కడిగే నీటి పంపు, కంట్రోల్ సిస్టమ్, అత్యవసర దీపాలు, రసాయనాల గది గాలి ఫ్యాన్లు.

రాయి: మొదట మిల్లు

మిల్లు వేగాన్ని ముందే సరిచూసుకోవచ్చు. లోపలి వ్యాసం 3.6 మీటర్లు, పెద్ద బంతి 80 మిల్లీమీటర్లు అయితే, 42.3ను ఈ రెండింటి తేడా (మీటర్లలో) వర్గమూలంతో భాగించగా నిమిషానికి 22.5 చుట్ల సంధి వేగం, అంటే బంతులు కిందపడకుండా గోడకే అంటుకుని తిరిగే వేగం వస్తుంది. అందులో 75 శాతం అంటే సుమారు 17 చుట్లు. మిల్లు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో షెల్ మీద సుద్దతో గీత గీసి లెక్కపెట్టండి.

బంతులను ఒకేసారి పూర్తిగా వేయకూడదు. మిల్లు ఘనపరిమాణంలో 15 నుంచి 20 శాతంతో మొదలుపెట్టి, గేరు ఉష్ణోగ్రత, బేరింగులు, మోటారు శక్తి చూస్తూ కొన్ని రోజుల్లో 30 శాతం దాటించాలి. బంతులు ఉండి రాయి లేకుండా మిల్లును తిప్పితే బంతులు నేరుగా లైనర్ల (మిల్లు లోపలి రక్షణ పలకల) మీద పడి రెండూ పగులుతాయి. అందుచేత బంతులతోపాటే రాయి, నీరు లోపలికి వెళ్లాలి. కొన్ని గంటల నడక తర్వాత ఒకసారి, మొదటి రోజు చివర మరొకసారి, మళ్లీ కొన్ని రోజులకు, మిల్లును ఆపి లైనర్ బోల్టులన్నీ బిగించాలి. ఉత్పత్తి మొదలైన ఉత్సాహంలో ఈ ఆపులను వాయిదా వేస్తే, బోల్టు రంధ్రాల నుంచి స్లర్రీ కారి షెల్‌ను కోసేస్తుంది. మిల్లు చాలాసేపు ఆగి ఉంటే లోపలి సరుకు గట్టిపడి ఒకే ముద్దగా అతుక్కుంటుంది. అలాంటప్పుడు ఇంచింగ్ డ్రైవుతో నెమ్మదిగా తిప్పి సరుకు దొర్లుతోందని నిర్ధారించుకున్నాకే ప్రధాన మోటారును నడపాలి. లేకపోతే ఆ ముద్ద పైకి లేచి ఒక్కసారిగా కూలి షెల్‌కు, బేరింగులకు దెబ్బ తగులుతుంది.

మొదటి రాయిగా అత్యుత్తమ ఖనిజాన్ని వేయవద్దు. మొదటి రోజుల్లో సగం రాయి ఎటు పోతుందో తెలియదు. పోయేదేదో తక్కువ గ్రేడుదే పోనివ్వండి. అదే సమయంలో, ఏడాదిగా వర్షానికి తడిసి ఆక్సీకరణ చెందిన కుప్పను కూడా వాడవద్దు. ఆ రాగి సరిగా తేలదు, రసాయనాల తప్పో యంత్రాల తప్పో తెలియక అందరూ తికమకపడతారు. మిల్లు, సైక్లోన్ల సర్క్యూటు కుదురుకునేదాకా తక్కువ గ్రేడు, ఆ తర్వాత గని నుంచి తాజాగా తీసిన సగటు గ్రేడు వేయడం నా పద్ధతి.

డిజైన్‌లో సగం ఫీడుతో మొదలుపెట్టడం సురక్షితంగా తోస్తుంది కానీ మరీ తగ్గిస్తే పైపుల్లో వేగం పడిపోయి ఇసుక అడుగున కూరుకుపోతుంది. ఫీడు తగ్గినప్పుడు నడిచే సైక్లోన్ల సంఖ్యను తగ్గించి, మిగిలిన వాటిలో ఒత్తిడిని నిలపండి. సైక్లోన్ అడుగు నుంచి వచ్చే ధార గొడుగులా విచ్చుకుంటే సరిగ్గా పనిచేస్తోందని అర్థం. తాడులా బిగుసుకుని పడితే స్పిగాట్ (అడుగు రంధ్రం) చిన్నదైందనో, ఘనపదార్థం మితిమీరిందనో గుర్తించాలి, ఎందుకంటే అప్పుడు ముతక రాయి ఓవర్‌ఫ్లోలోకి వెళ్తుంది. మిల్లు లోపల 70 శాతం ఘనపదార్థం ఉండాలంటే స్లర్రీ లీటరు బరువు 1,818 గ్రాములు. లీటరు డబ్బా, త్రాసు ఉంటే ఆపరేటరు ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్పగలడు.

మిల్లు తగినంత మెత్తగా నూరకపోతే వెంటనే యంత్రాన్ని తప్పుపట్టకండి. ఫ్రెడ్ బాండ్ 1952లో ప్రతిపాదించిన సూత్రంతో ఒక లెక్క వేయండి. ఖనిజపు వర్క్ ఇండెక్స్ (నూరడానికి రాయి ఎంత గట్టిదో చెప్పే కొలత) టన్నుకు 14 యూనిట్లు అనుకుని, ఫీడులో 80 శాతం 10 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా, ఉత్పత్తిలో 80 శాతం 106 మైక్రాన్ల కన్నా మెత్తగా ఉండాలంటే టన్నుకు సుమారు 12.2 యూనిట్ల కరెంటు కావాలి. గంటకు 100 టన్నులకు 1,220 కిలోవాట్లు. మిల్లు 900 కిలోవాట్లే తీసుకుంటూ ఉంటే బంతులు చాలలేదని అర్థం. 1,220 తీసుకుంటూ కూడా ముతకగా వస్తుంటే, రాయి అనుకున్నదానికన్నా గట్టిదో, క్రషర్ ఉత్పత్తి పెద్దదో, సైక్లోన్ సరిగ్గా వేరుచేయడం లేదో వెతకాలి.

ఫ్లొటేషన్, రసాయనాలు

రసాయనాల పంపుల మీది డయల్ అంకెను నమ్మవద్దు. టన్నుకు 30 గ్రాముల గ్జాంథేట్ (ఖనిజ రేణువులు బుడగలకు అంటుకునేలా చేసే మందు) కావాలంటే 100 టన్నులకు గంటకు 3 కిలోలు. 10 శాతం ద్రావణంగా ఇస్తే గంటకు 30 లీటర్లు, అంటే నిమిషానికి 500 మిల్లీలీటర్లు. కొలజాడీ, స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి షిఫ్టులోనూ దీన్ని కొలవాలి. గ్జాంథేట్ ఆమ్లంతో కలిస్తే కార్బన్ డైసల్ఫైడ్ అనే, ఇట్టే మండే విషవాయువు పుడుతుంది. సీసం, జింకు ప్లాంట్లలో సోడియం సయనైడ్ వాడతారు. దాని ద్రావణం పీహెచ్ తగ్గితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువుగా లేస్తుంది. అందుచేత ఆమ్లానికీ వీటికీ ఒకే డ్రెయిన్ ఉండకూడదు, ఒకే గది ఉండకూడదు.

సర్క్యూటులోకి వచ్చే స్లర్రీ గంటకు 221 ఘనపు మీటర్లు, అంటే నిమిషానికి 3.7. రఫర్లలో (మొదటి దశ సెల్స్‌లో) 15 నిమిషాలు నిలవాలంటే 55 ఘనపు మీటర్ల స్లర్రీ పట్టాలి, గాలికి 15 శాతం వదిలితే సెల్స్ మొత్తం 65 ఘనపు మీటర్లు ఉండాలి. ఈ నిలకడ కాలం తెలిసినవారు తొందరపడరు. సున్నం పెంచిన పది నిమిషాలకు నురుగు మారలేదని గ్జాంథేట్ పెంచడం, అదీ చాలలేదని ఫ్రాదర్ పెంచడం కొత్త ప్లాంట్లలో రోజూ కనిపించే దృశ్యం. చివరికి నురుగు లాండర్లు (నురుగు పారే కాలువలు) పొర్లి నేలంతా పారుతుంది, ఏ మార్పు ఏం చేసిందో ఎవరికీ తెలియదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. తిరిగి వచ్చే ప్రవాహాలు కూడా ఉంటాయి కనుక నిలకడ కాలానికి కనీసం మూడింతలు ఆగి నమూనా తీయాలి. దీనిని నియమంగా రాసి కంట్రోల్ రూము గోడకు అంటించాలి, ప్లాంటు మేనేజరు కూడా దానికి లోబడాలి.

క్లీనర్లను (రఫర్ నురుగును మళ్లీ శుద్ధి చేసే సెల్స్‌ను) మొదటి గంటలోనే నడపాలని చూడకండి. 100 టన్నుల ఫీడుకు తుది కాన్సంట్రేట్ గంటకు నాలుగున్నర టన్నులే. రఫర్ నురుగు స్థిరపడేదాకా క్లీనర్లను నీటితో నింపి ఉంచి, సరుకు తగినంత చేరాక అంచు మీదికి రానివ్వాలి.

థికెనర్, టెయిలింగ్స్

సన్నని రేణువులను ముద్దకట్టించే ఫ్లోక్యులెంటును 0.1 నుంచి 0.25 శాతం ద్రావణంగా కలిపి, పూర్తిగా కరగడానికి సమయం ఇచ్చి వాడాలి. మొదటి రోజుల్లో ఫీడు తక్కువ, మందు ఎక్కువ కావడం వల్ల బురద జిగటగా మారి రేక్ టార్క్ పెరుగుతుంది. టార్క్ పెరుగుతుంటే అండర్‌ఫ్లో పంపును పెంచండి, ఫీడు ఆపండి, కానీ రేక్‌ను మాత్రం ఆపవద్దు.

టెయిలింగ్స్ డ్యామ్‌లోకి మొదటి స్లర్రీ వెళ్లే రోజు కట్ట ఇంజినీరు అక్కడ ఉండాలి. కట్టలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ల మొదటి రీడింగులు స్లర్రీ పడకముందే తీసి ఉంచాలి, లేకపోతే తర్వాతి రీడింగులను దేనితో పోల్చాలో తెలియదు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రూమాజీన్యూలో కూలిన డ్యామ్ 270 మందిని బలితీసుకుంది. ఆ తర్వాత 2020 ఆగస్టులో టెయిలింగ్స్ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కట్ట దిగువన ఊరు ఉంటే, ప్లాంటు మొదలయ్యే ముందే ఆ ఊరివారికి హెచ్చరిక సైరను వినిపించి, ఏ దారిన ఎక్కడికి వెళ్లాలో నడిపించి చూపాలి.

నమూనాలు, లెక్కలు

బెల్టు త్రాసును నమ్మాలంటే బెల్టును ఆపి ఒక మీటరు పొడవున రాయిని తీసి తూచండి. మీటరుకు 22.2 కిలోలు, బెల్టు వేగం సెకనుకు 1.25 మీటర్లు అయితే గంటకు 100 టన్నులు. ఆ రాయి నుంచే తేమ శాతం కూడా తీయాలి, ఎందుకంటే లెక్కలన్నీ పొడి టన్నుల్లోనే సాగుతాయి.

ఫీడులో రాగి 1.2 శాతం, కాన్సంట్రేట్‌లో 24 శాతం, టెయిలింగ్స్‌లో 0.12 శాతం ఉంటే, రెండు ఉత్పత్తుల సూత్రం ప్రకారం రికవరీ (ఫీడులోని రాగిలో కాన్సంట్రేట్‌కు చేరిన భాగం) 90.5 శాతం. టెయిలింగ్స్ అంకె 0.14 అయితే రికవరీ 88.9కి పడుతుంది. నూటికి రెండు వందో వంతుల తేడా ఒకటిన్నర శాతం రాగిని మార్చేస్తున్నదంటే, నమూనా తీసే మనిషి చేతిలో ఎంత బాధ్యత ఉందో చూడండి. నమూనా గరిటెను ప్రవాహం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే వేగంతో దాటించాలి. ప్రయోగశాల రాయి కన్నా ముందే సిద్ధం కావాలి.

పూర్తి సామర్థ్యం దాకా

టెర్రీ మెక్‌నల్టీ అనే మెటలర్జిస్టు అనేక ప్లాంట్ల ఆరంభ చరిత్రలను పోల్చి, వాటిని నాలుగు రకాలుగా విభజించారు. మొదటి రకం దాదాపు ఏడాదిలోనే డిజైన్ సామర్థ్యానికి చేరుకున్నాయి. నాలుగవ రకం మూడేళ్లు గడిచినా చాలా దిగువనే మిగిలాయి. మొదటి రకంవి ముందే రుజువైన సాంకేతికతను వాడి, తగినన్ని పరీక్షలు చేసినవి; చివరి రకంవి తమ ఖనిజపు రసాయన స్వభావాన్ని సరిగా అర్థం చేసుకోకుండా, డిజైన్‌ను తొందరపెట్టి కట్టినవి. కనుక యాజమాన్యానికి ఇచ్చే ఉత్పత్తి అంచనాలో మొదటి నెలకే నూరు శాతం రాయవద్దు. మొదటి నెలల్లో ఆగిన ప్రతి నిమిషానికీ కారణం రాసి, వారానికొకసారి పెద్ద కారణాలు మూడింటిని తీసుకుని వాటినే సరిచేయాలి. ఫీడు పెంచేటప్పుడు పదేసి శాతం చొప్పున పెంచి, ప్రతి మెట్టు దగ్గరా ఒకటి రెండు రోజులు నిలకడగా నడిపించి చూడాలి. మొదటి వానాకాలం మరొక పరీక్ష: బంకమట్టి కలిసిన తడి రాయి క్రషర్ చూట్లలో అతుక్కుంటుంది, వేసవిలో నడిచినట్లు నడవదు.

పనితీరు పరీక్షకు ఎన్ని గంటలు, ఏ గ్రేడు ఖనిజం, ఎంత మెత్తదనం, ఎవరి నమూనాలు, వివాదం వస్తే ఏ ప్రయోగశాల అన్నవన్నీ కాంట్రాక్టులోనే ఉండాలి. సాధారణంగా 72 గంటలు ఏకధాటిగా నడిపి చూస్తారు. పరీక్షకు ముందు బెల్టు త్రాసును ఇరుపక్షాల ఎదుటా సరిచూసి సీలు వేయాలి. ప్రతి నమూనానూ మూడు భాగాలు చేసి ఒకటి యజమానికి, ఒకటి సరఫరాదారుకు ఇచ్చి, మూడవది సంతకాలతో పెట్టెలో భద్రపరచాలి. పరీక్ష నెగ్గాక కంట్రోల్ సిస్టమ్‌లోని సెట్టింగులన్నిటినీ ముద్రించి, నిర్మాణంలో మారిన ప్రతి పైపునూ ప్రతి కేబులునూ చూపే తుది డ్రాయింగులతోపాటు ప్లాంటు మేనేజరుకు అప్పగించాలి. అప్పటిదాకా తాత్కాలికంగా తప్పించిన ఇంటర్‌లాకుల జాబితాను కూడా ఆ రోజే తెరిచి, ఒక్కొక్కదాన్నీ యథాస్థితికి తెచ్చి, జాబితా ఖాళీ అయ్యాకే అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాలి.